బెంగుళూరు సెంట్రల్ కాలేజీ పాత కట్టడములు

ఇట్టి సంచికలకు వ్యాసములు వ్రాయువారు సామాన్యముగా దేవాలయములను గూర్చియో, కోటలను గూర్చియో వ్రాయుచుందురు. మా సీమలో వానికి కొదువ లేదు. నందికొండ క్రింద భోగనందీశ్వరుని ఆలయమున్నది. చింతామణి తాలూకాలో కైవారమున తాతయ్యగారి పుణ్యస్థలమున్నది. బాగేపల్లి దాపున గుమ్మనాయకనిపాళ్యము కోట యున్నది. వీనిని గూర్చి పెద్దలు పలుమారు వ్రాసియున్నారు. మేము ఈ పర్యాయము పూజయు నైవేద్యమును లేని ఒక కట్టడమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిమి. అది మా ఊరిలోనిది కాదు. శిడ్లఘట్టకు అరువది కిలోమీటర్లకు పైబడిన దూరమున, బెంగుళూరు నగరము నడిబొడ్డున నున్నది. అయినను మా సీమవారి బ్రతుకుతో దానికున్న సంబంధము, ఊరిలోనే ఉన్న పెక్కు కట్టడములకు లేదు.

దానిని మేము మొదట చూచినది 1975వ సంవత్సరమున. అప్పుడే మెట్రిక్యులేషను ముగిసినది. మా నాయనగారు చరఖాపై పట్టునూలు తీయించువారు. నూలు అమ్ముటకు బెంగుళూరు పోవుచు మమ్మును వెంటబెట్టుకొని పోయిరి. సరకు అమ్ముడుపోయిన పిదప బస్సుకు ఇంకను పొద్దున్నదని, నడుచుచు ఆ వైపు తీసికొనిపోయి, చెట్ల నడుమ నున్న రాతి మేడను, దాని మీది గడియారపు గోపురమును చూపి, “ఇదిగో, ఇది విశ్వేశ్వరయ్యగారు చదివిన ఇల్లురా” అనిరి. కాలేజీ యనలేదు, ఇల్లు అనిరి. లోపలికి పోవుటకు మాకు ధైర్యము చాలలేదు. ఆ యేడు పట్టుగూళ్ల బేరము సరిగా సాగక, మా చదువు అంతటితో నిలిచిపోయినది. మరి కొన్నాళ్లకు తాలూకా కచేరీలో గుమాస్తా పని దొరకినది. కావున ఈ వ్యాసము ఆ కాలేజీలో చదివినవాడు వ్రాసినది కాదు. గేటు వెలుపల నిలిచి చూచినవాడు వ్రాసినది. పాఠకులు దీనిని గుర్తుంచుకొని చదువ ప్రార్థన.

ఈ విద్యాలయము 1858లో బెంగుళూరు హైస్కూలు అను పేర పుట్టినది. అప్పుడు మైసూరు సీమ ఇంగ్లీషు కమిషనర్ల పాలనలో నుండెను. చెన్నపట్టణమున విశ్వవిద్యాలయము స్థాపింపబడి అప్పటికి ఒక్క సంవత్సరమే అయినది. మొదటి ప్రధానాధ్యాపకుడు జాన్ గారెట్ అను పాదిరి. ఆయన తరువాత 1860లో ఆ పీఠమునకు వచ్చినవాడు బెంజమిన్ లూయీ రైసు. ఈ రైసు దొర బెంగుళూరులోనే పుట్టినవాడు. మైసూరు సీమలోని శాసనములను ఊరూరా వెదకి, ప్రతులు తీయించి, సంపుటములుగా అచ్చొత్తించిన మహనీయుడు ఈయనయే. ఆ సంపుటములలో పదియవది కోలారు జిల్లాకు సంబంధించినది. అది 1905లో వెలువడినది. అందు మా శిడ్లఘట్ట తాలూకా శాసనములకు ప్రత్యేకముగా ఒక భాగము కలదు. చింతామణి, బాగేపల్లి, చిక్కబళ్లాపురము తాలూకాలవియు కలవు. కన్నడ శాసనములతోపాటు తెలుగు శాసనములును అందు చోటు చేసికొన్నవి. చెరువుకట్ట మీద బట్టలుతుకు బండయని మనవారు తలచిన రాయిమీద ఏమి వ్రాసియున్నదో, ఏ దొర ఏ ఊరికి ఏమి దానము చేసెనో మనకు తెలియజెప్పినది, ఒకప్పుడు ఆ హైస్కూలులో పిల్లలకు పాఠములు చెప్పిన మాస్టరు. మా సీమకును ఆ కట్టడమునకును మొదటి ముడి ఇక్కడ పడినదని మా అభిప్రాయము.

హైస్కూలు క్రమముగా పెరిగి సెంట్రల్ కాలేజీ అయినది. పరీక్షలు మాత్రము చెన్నపట్టణపు విశ్వవిద్యాలయము వారివి. పట్టము కావలెనన్న ఇక్కడ చదివి, అక్కడివారి ప్రశ్నలకు జవాబులు వ్రాయవలెను. విశ్వేశ్వరయ్యగారు 1881లో బి.ఎ. పట్టము పొందినది ఆ విధముననే. ఆయన చిక్కబళ్లాపురము దాపున ముద్దేనహళ్లిలో పుట్టి, చిక్కబళ్లాపురమున అక్షరములు నేర్చి, పై చదువునకు బెంగుళూరు చేరినవాడు. ఇంటి మాట తెలుగు. వంశమువారి మూలస్థానము గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండము. తండ్రి చిన్ననాడే గతించెను. మేనమామగారి యింట తలదాచుకొని, ఒక ఉద్యోగస్థుని పిల్లలకు పాఠములు చెప్పి, ఆ వచ్చిన దానితో కాలేజీ చదువు సాగించెను. పొద్దున ఒక చోట, రాత్రి మరియొక చోట, నడుమ కాలేజీ. ఆ నడకలన్నియు కాలినడకలే. ప్రిన్సిపాలు చార్లెస్ వాటర్స్ ఆ కుర్రవాని లెక్కల నేర్పునకు మెచ్చి వెబ్‌స్టరు నిఘంటువును బహూకరించెనని ఆయన జీవితచరిత్రలు చెప్పుచున్నవి. మా సీమలో చదువుకొను పేదపిల్లలకు పెద్దలు చెప్పు కథలలో ఇది మొదటిది. మేమును విన్నాము, మా పిల్లలకును చెప్పితిమి. పిల్లలు విసుగుకొనుటయు కలదు.

ఇక కట్టడము మాట. పాత ముఖ్యభవనము బూడిదవన్నె రాతితో కట్టినది. కమానులు మన గుడులలోని వానివలె గాక, పై కొన వాడియై యుండును. ఐరోపాఖండపు పాత మఠములు, చర్చిలు, విద్యాలయములు ఈ తీరున నుండుటచేత, విద్య యనగానే ఆ దేశపు ఇంజనీరులకు ఈ రూపమే మనసున మెదలెడిది కాబోలు. నడుమ గడియారపు గోపురము. గోడలు మిక్కిలి దళసరి. వైశాఖమాసపు మధ్యాహ్నమునందు వెలుపలి ఎండనుండి వసారాలో అడుగు పెట్టినవారికి ఆ దళసరి యెందుకో ఎవరును చెప్పనక్కరలేదు.

ఇట్టి కట్టడములను ఆ కాలమున ఎట్లు కట్టిరో నేటి యువకులకు తెలియదు గనుక కొంచెము వివరింతుము. బెంగుళూరు, కోలారు ప్రాంతములలో భూమిపైననే పరచుకొని పెద్ద పెద్ద బండలుండును. బండపై కట్టెలు పేర్చి నిప్పుపెట్టి, వేడి నెమ్మదిగా జరుపుకొనుచు పోయిన యెడల పైపొర పలకవలె విడివడును. దానిని ఉలులతో కావలసిన కొలతకు చీల్చుదురు. ఇంటి కప్పులకు, కంచెలకు, పొలముల గట్లకు మా సీమలో నిలువెత్తు రాతిపలకలు వాడుటకు కారణమిదే. రాతిని అతుకుటకు గానుగ సున్నము. గుండ్రని కాలువలో సున్నము, ఇసుక పోసి, ఎద్దుల చేత రాతిచక్రమును త్రిప్పించి నూరుదురు. పై పూతకు కరక్కాయ నానబెట్టిన నీరు, బెల్లపు నీరు కలుపుట కలదు. మిద్దెలకు టేకు దూలములు పరచి, వానిపై సన్న ఇటుకలను సున్నముతో ఐమూలగా నిలువుగా పేర్చి, ఆ పైన ఇటుకముక్కల సున్నపు గచ్చు వేసి, కూలివారు వరుసగా కూర్చుండి చెక్కలతో దినముల తరబడి కొట్టుదురు. కొట్టువారు పాడుకొనుచు కొట్టెడివారని మా అవ్వ చెప్పెడిది. ఈ పద్ధతికి మద్రాసు టెర్రసు అని పేరు. పట్టణములోని సర్కారు కట్టడములు పెక్కు ఈ తీరున లేచినవే.

ఈ రాతిపనివారు ఎవరు? మైసూరు సీమలో బండ పగులగొట్టుట, చెరువు త్రవ్వుట, రాయి మోయుట మొదలగు పనులు చేసినవారిలో పెద్దభాగము ఒడ్డెవారు. వారి యింటి మాట తెలుగు. గోడ ఎక్కించునప్పుడు ఒకరితో నొకరు పలికిన పిలుపులు, హెచ్చరికలు తెలుగులోనే యుండెనని ఊహించుట తప్పు కాదు. ప్రిన్సిపాళ్ల పేర్లు పుస్తకములకెక్కినవి. బండ మోసినవారి పేర్లు ఏ పలకకును ఎక్కుట మేము చూడలేదు. తెలుగువారి సంచికలో ఈ మాట ఒకటి వ్రాయకుండిన, మరి ఎక్కడ వ్రాయవలెను?

మా ఉద్యోగమునకును ఆ ప్రాంగణమునకును ఉన్న సంబంధము ఒకటి మేము పదవీవిరమణకు కొంచెము ముందు మాత్రమే తెలిసికొంటిమి. తాలూకా కచేరీ ఆవరణలో వానకొలత పాత్ర యొకటి యుండును. ప్రొద్దున ఎనిమిదిన్నర గంటలకు అందులోని నీటిని గాజు కొలతలో పోసి, పుస్తకమున వ్రాసి, పైకి పంపవలెను. వాన లేనినాడు సున్న వ్రాయవలెను. కోలారు సీమలో ఆ సున్నలే ఎక్కువ. మాకది విసుగు పని. ఎందుకు, ఎవరు మొదలుపెట్టిరో ఎన్నడును అడుగలేదు. సెంట్రల్ కాలేజీ ప్రిన్సిపాలు జాన్ కుక్ అను దొర 1890 దశకమున మైసూరు సంస్థానమునకు వాతావరణ పరిశోధనశాల ఏర్పరచి, సంస్థానపు వానలెక్కలను క్రమముగా కూర్చి ప్రకటించెనని తరువాత చదివితిమి. ఆ శాల కాలేజీకి చేరువనే మెరకపై నెలకొన్నది. చెరువులే ప్రాణముగా బ్రతికిన మా జిల్లాకు వానలెక్క యెంత ముఖ్యమో చెప్పనక్కరలేదు. మేము లోపలికి పోవ జంకిన ఆ కాలేజీకి, ఇన్నేండ్లు ప్రతి ఉదయమును ఒక విధముగా మేము ఊడిగము చేసితిమి గదా యని ఆ నాడు నవ్వుకొంటిమి.

అక్కడ చదివినవారి పట్టిక వ్రాసిన సంచిక చాలదు. హోసూరు ప్రాంతపు తొరపల్లి నుండి వచ్చి 1894లో పట్టభద్రులైన రాజగోపాలాచారిగారు స్వతంత్రభారతమునకు గవర్నరు జనరలు అయిరి. అప్పటి ఉపాధ్యాయులలో జాన్ గత్రీ టెయిట్ అనువాడు భాషలు చెప్పుటయేగాక, యౌవనమున స్కాట్లండు పక్షమున రగ్బీ ఆడిన ఆటగాడు. తరువాత ప్రిన్సిపాలును అయ్యెను. మన గౌరీబిదనూరు తాలూకా హోసూరున పుట్టిన హెచ్. నరసింహయ్యగారు ఇక్కడ భౌతికశాస్త్రము చదివి, తరువాత 1972లో బెంగుళూరు విశ్వవిద్యాలయమునకే ఉపకులపతులైరి. ఈ హోసూరు, ఆ హోసూరు వేరని యువపాఠకులు గమనింతురు గాక. బాగేపల్లి, గౌరీబిదనూరు పిల్లలకు నేషనలు కాలేజీలు దొరకినది ఈయన పూనికవలననే.

1916 జూలైలో మైసూరు విశ్వవిద్యాలయము ఏర్పడినది. నాల్వడి కృష్ణరాజ ఒడెయరు ప్రభువులు. దివాను ఎవరన్న, ముప్పదియైదేండ్ల క్రితము అదే కాలేజీ మెట్లు ఎక్కిదిగిన విశ్వేశ్వరయ్యగారు. స్వదేశ సంస్థానములలో స్థాపింపబడిన విశ్వవిద్యాలయములలో ఇది మొదటిది. చెన్నపట్టణమువారి ప్రశ్నపత్రములకై కాచుకొనుట అంతటితో తీరినది. మైసూరు మహారాజా కాలేజీకి సాహిత్యాది విద్యలును, బెంగుళూరు సెంట్రల్ కాలేజీకి విజ్ఞానశాస్త్రములును ముఖ్యమైనవి. తెలుగువారు మహారాజా కాలేజీని మరువరాదు. కట్టమంచి రామలింగారెడ్డిగారు అక్కడ ఆచార్యులుగా నుండిరి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు అక్కడనే సుమారు ముప్పది యెనిమిదేండ్లు తెలుగు పండితులుగా నుండిరి. రెడ్డిగారు తరువాత 1926లో ఆంధ్రవిశ్వకళాపరిషత్తుకు మొదటి ఉపాధ్యక్షులైరి. కన్నడదేశపు రాతిగోడల నడుమ తెలుగుపాఠము అన్నేండ్లు సాగుట మాకు గర్వకారణము.

దక్షిణదేశపు విద్యాలయముల కట్టడములు ఒకే తీరున లేవు. చెన్నపట్టణపు సెనేట్ హౌసు 1874 నుండి 1879 వరకు చిషోలము దొర కట్టించినది. అందు తురుష్కపద్ధతి గుమ్మటములును హిందూపద్ధతి చెక్కడములును కలిసియున్నవి. హైదరాబాదున ఉస్మానియా ఆర్ట్సు కాలేజీకి 1934లో పునాదిరాయి పడి, 1939లో ప్రారంభోత్సవము జరిగినది. దాని నమూనా వేసినవాడు బెల్జియము దేశపు జాస్పరు. అది రాజసభవలె గంభీరమైనది. బెంగుళూరులోనే తాతాగారి విజ్ఞానమందిరము 1909లో ఏర్పడినది. మైసూరు ప్రభువులు 371 ఎకరముల భూమి నిచ్చిరి. వీని ముందు సెంట్రల్ కాలేజీ చిన్నదే. వైభవమునకు పోటీ పెట్టినచో ఓడిపోవును. కాని పై మూడింటికంటెను ముందే అక్కడ పాఠము మొదలైనది.

చిన్నదైనను అక్కడ ఒక గొప్ప దినము గడచినది. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో రామనుగారు తమ వెలుగు రహస్యమును కనుగొనిరి. అదే మార్చి 16న బెంగుళూరునకు వచ్చి, దక్షిణభారత విజ్ఞానసంఘము వారి సభలో, సెంట్రల్ కాలేజీలో, దానిని గూర్చి సవిస్తరముగా ప్రసంగించిరి. నోబెలు బహుమానము 1930లో వచ్చినది. నాటి శ్రోతలలో మా జిల్లా పిల్లలు కొందరైనను వెనుకబల్లలపై కూర్చుండియుందురని మా ఆశ. 1915లో వచ్చిన చిన్నరైలు చిక్కబళ్లాపురము నుండి బెంగుళూరునకు వారిని అప్పటికే మోయుచుండెను.

తరువాతి కథ త్వరగా ముగింతుము. 1964లో మైసూరు నుండి విడివడి బెంగుళూరు విశ్వవిద్యాలయము ఏర్పడినది. సెంట్రల్ కాలేజీ దాని క్రిందికి వచ్చినది. 1973 నుండి జ్ఞానభారతి యను విశాలమైన క్రొత్త ఆవరణ నగరము వెలుపల వెలసినది. శాఖలు ఒక్కొక్కటిగా అటు తరలినవి. 2017లో ఆ విశ్వవిద్యాలయము మూడు ముక్కలైనది. పాత ప్రాంగణము ఒక ముక్కకు తలయైనది. దాని పేరు అటుపిమ్మట మార్చిరి కూడ. మా చిక్కబళ్లాపురము, కోలారు జిల్లాలు బెంగుళూరు ఉత్తర విశ్వవిద్యాలయమునకు చేరినవి. పంపకము పరిపాలనకు మంచిదే కావచ్చును. అయితే, విశ్వేశ్వరయ్యగారి ఊరి పిల్లల పట్టములకు ఆయన చదివిన కట్టడముతో నేడు కాగితము మీద సంబంధము లేదు. మా వంటివారికి అది కొంచెము గ్రుచ్చుకొనును.

ఇందు సంతోషము లేకపోలేదు. ఆ ఉత్తర విశ్వవిద్యాలయపు స్వంత ఆవరణకు మా శిడ్లఘట్ట తాలూకాలోనే, జంగమకోట దాపున అమరావతి గ్రామమున స్థలము నిర్ణయింపబడినది. నూటయేబదియేండ్లుగా మేము బస్సెక్కి, అంతకుముందు బండి కట్టుకొని, విద్యకై దక్షిణమునకు పోయితిమి. ఇప్పుడు విద్యయే మా పొలముల నడుమకు వచ్చుచున్నది. అక్కడ ఎట్టి కట్టడములు నిలుచునో, అవి నూరేండ్లకు చూడదగియుండునో లేదో యని మేము ఆలోచించుచుందుము. వానకొలత పాత్ర యొకటి మాత్రము తప్పక పెట్టుదురని నమ్ముచున్నాము.

పాతకట్టడముల సంరక్షణను గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. మేము పని చేసిన కాలమున ఒక పాత కచేరీ గోడకు చెమ్మ పట్టినది. పైవారు సిమెంటు పూత వేయించిరి. చూచుటకు అందముగా నుండెను. రెండు వానకాలములు గడచునప్పటికి లోపలి సున్నము ఉబ్బి, పెచ్చులు రాలి, గోడనానుకొనియున్న బీరువాలోని దస్తావేజులు బూజు పట్టినవి. సున్నపు గోడ శ్వాసించును. లోపలికి దిగిన నీటిని మెల్లగా వెలుపలికి విడుచును. సిమెంటు దాని ముక్కు మూసివేయును. ఈ సంగతి మాకు చెప్పినది ఇంజనీరు కాదు, ఒక ముసలి మేస్త్రీ. ఆ కాగితములను ఎండబెట్టుచు మేము పదునైదు దినములు గడిపితిమి. వానిలో కొన్ని చదువుటకు వీలు పడలేదు. ఎవరి తాతల భూముల లెక్కలో అవి. సెంట్రల్ కాలేజీ వంటి రాతి కట్టడములను బాగుచేయునప్పుడు పనివారికి సున్నము నూరుట తెలిసియుండవలెను. ఆ విద్య తెలిసినవారు నానాటికి అరుదగుచున్నారు. అమరావతిలో రానున్న విశ్వవిద్యాలయమువారు ఆ పనిని కూడ ఒక పాఠముగా పెట్టిన, ఒడ్డెవారి మనుమలకు తమ తాతల పని గౌరవముగా దక్కును.

గత సంవత్సరము మా మనుమరాలితో కలిసి మరల అక్కడికి పోయితిమి. ఇప్పుడు భూగర్భమున మెట్రో రైలు నడచుచున్నది. 2016లో తెరచిన ఆ స్టేషనునకు విశ్వేశ్వరయ్యగారి పేరును, సెంట్రల్ కాలేజీ పేరును కలిపి పెట్టినారు. మెట్లెక్కి పైకి వచ్చి గేటు దగ్గర నిలువబడితిమి. కావలివాడు, “ఎవరిని చూడవలె పెద్దాయనా?” అని తెలుగుననే అడిగెను. అతనిది చింతామణి తాలూకా. కట్టడమును చూడ వచ్చితిమనగా, “కట్టడమునా!” అని ఆశ్చర్యపడి, లోపలికి పొమ్మనెను. మొదటిసారి ఆ వసారాలో అడుగు పెట్టినప్పుడు మాకు అరువదియైదేండ్లు. మనుమరాలు రాతిమీద చేయి పెట్టి, “తాతా, చల్లగా ఉన్నది” అనెను.

ఆ కాలేజీలో చదివిన మన సీమవారి పాత హాలుటిక్కెట్లు, ఫీజు రసీదులు, ఇంటికి వ్రాసిన ఉత్తరములు ఎవరి పెట్టెలలోనైన నుండవచ్చును. అట్టివి కలవారు సంఘ కార్యాలయమునకు తెలియజేసిన యెడల, మేము స్వయముగా వారి యిండ్లకు వచ్చి, కాగితములను కదల్పకయే ప్రతులు వ్రాసికొని పోవుదుము. చేవ్రాత ఇంకను వణకుట లేదు.